ముందు కుక్కను కట్టాలి

తాండూరు,
ఫిబ్రవరి 9

ఆడబిడ్డ సింధుజకు,

ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టాలంటారు గాని, నీ ఫోన్ ఒక్కటి క్షేమంగా లేదు.

నీ ఫోన్ అన్నానని నవ్వకు. కొన్నది మీ అన్న అంజి, వాడేది నేను. కానీ దాని కడుపులో ఏముందో నీకొక్కదానికే తెలుసు కాబట్టి అది నీదే. నాలుగు రోజుల నుంచి పొద్దున లేవగానే "సిస్టమ్ అప్‌డేట్ సిద్ధంగా ఉంది" అంటోంది. తర్వాత చూద్దాం అని నొక్కితే సాయంత్రం మళ్లీ అడుగుతోంది. పోయిన వేసవిలో నువ్వు దాన్ని రూట్ చేసి, మాట గట్టిగా వినపడేటట్టు లోపల ఏదో మార్చి నా చేతికిస్తూ ఏమన్నావో గుర్తుందా? "వదినా, ఏదన్న నొక్కుకో గాని గా అప్‌డేట్ జోలికి పోకు. పోతే రూట్ పోతది, రూట్ పోతే నీకు మాట వినబడదు." అందుకే ఇన్నాళ్లూ దాన్ని ముట్టుకోలేదు.

ఇప్పుడు ముట్టుకోక తప్పేట్టు లేదు. మేము పశుమిత్రలం టీకాల లెక్క ఎక్కించే యాప్, మార్చి ఒకటో తారీకు నుంచి పాత సిస్టమ్ మీద నడవదని పశువుల ఆస్పత్రి నుంచి మెసేజ్ వచ్చింది. అప్‌డేట్ చేయకపోతే పని పోతుంది. చేస్తే చెవులు పోతాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

మనిషి ఎదురుగా ఉంటే పెదవులు చూసి నెట్టుకొస్తాను. ఫోన్‌లో పెదవులు ఉండవు కదా. క్యాంపులో ఇచ్చిన చెవి మిషన్ గొర్రెల గంటలు మోగినప్పుడల్లా ఈల వేసి ప్రాణం తీస్తుంది, అది మేకుకే వేలాడుతోంది. పదకొండు ఊళ్లవాళ్లు గొర్రెకు ఏమైనా అయితే నాకే ఫోన్ చేస్తారు. నా చెవుల సంగతి ఆస్పత్రిలో ఎవరికీ తెలియదు. మీ నాయనకు కూడా తెలియదు. తెలియాల్సిన పని లేదు.

రూట్ పోకుండా అప్‌డేట్ చేసే దారి ఏదో ఉండే ఉంటుంది. కాగితం మీద రాసి పంపు. మీ హాస్టల్లో ఫోన్లు ఆఫీసులో పెట్టి ఆదివారం అరగంట మాట్లాడనిస్తారు కదా, ఆ అరగంటలో ఇది తెమలదు. గోడకు అంటించుకుని ఒక్కొక్కటే చేసుకుంటాను. ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు, ఆ అధికారం ఇట్లాంటప్పుడు చూపించు.

మీ నాయన మందతో బషీరాబాద్ దిక్కు పోయాడు. కందులు కోసిన చేన్లల్లో ఎరువు కోసం మంద ఆపుతున్నాడు. ఒక్కో చేన్లో రెండు రోజులు, తర్వాత పక్క చేనుకు.

నీ వదిన,
నవనీత


వికారాబాద్,
ఫిబ్రవరి 14

వదినా,

నీ ఉత్తరం మా రూమ్మేట్ రెబెక్కకు కూడా చదివి వినిపించాను. "మీ వదిన ఇంజినీరింగ్ చదవాల్సింది" అంది. పదో తరగతిలో ఆపేశారని చెప్పాను.

సరే, విను. ఆ ఫోన్ రెండు గదుల ఇల్లు అనుకో. నువ్వు ఒక గదిలో ఉన్నావు, రెండోది ఖాళీ. అప్‌డేట్ అంటే కంపెనీవాళ్లు వచ్చి ఆ ఖాళీ గదికి సున్నం వేసి, సామాను సర్ది, "రీస్టార్ట్ నొక్కి ఇందులోకి మారు" అనడం. రూట్ అనేది నేను నీకు చేసిచ్చిన తాళంచెవి. అది పాత గదిలోనే ఉండిపోతుంది. నువ్వు కొత్త గదిలోకి ఉత్త చేతులతో పోతావు. మాట పెంచే పని ఆ తాళంచెవి లేకుండా నడవదు.

రూట్ పోకుండా ఉండాలంటే నాలుగు పనులు ఉన్నాయి.

మొదటిది, ముసుగు బొమ్మ ఉన్న మ్యాజిస్క్ యాప్ తెరిచి "అన్‌ఇన్‌స్టాల్" నొక్కాలి. భయపడకు. అందులో రెండు మాటలు కనిపిస్తాయి, "రీస్టోర్ ఇమేజెస్" అన్నది మనది. రెండోదాని జోలికి పోతే అంతా తుడిచిపెట్టుకుపోతుంది. మనం మార్చిన ఫైలు కనపడితే అప్‌డేట్ మొరాయిస్తుంది, అందుకని కాసేపు అసలు ఫైలును దాని చోట పెడతామన్నమాట. ఫోన్ ఆఫ్ చేయకూడదు. రెండోది, సెట్టింగ్స్‌లోకి పోయి అప్‌డేట్ దించుకోవాలి. మూడోది, అంతా అయ్యాక "రీస్టార్ట్" అని అడుగుతుంది. నొక్కకూడదు. ఎంత అడిగినా నొక్కకూడదు.

నాలుగోది నేను వచ్చినాక. మే నెలలో పరీక్షలు కాగానే వస్తాను, నా చేత్తో చేస్తాను. పై మూడూ నీకు తెలియడానికి రాశాను, చేయడానికి కాదు. అప్పటిదాకా టీకాల లెక్క పుస్తకంలో రాసిస్తానని మీ డాక్టర్ మహిధర్ సార్‌కు చెప్పు. మూడు నెలలు ఆగితే కొంపలేం మునగవు.

ఆదివారం ఫోన్ చేస్తాను. నీ గొంతు వినక వారమైంది.

సింధు


తాండూరు,
మార్చి 3

సింధూ,

అప్‌డేట్ అయింది. యాప్ నడుస్తోంది. అంతా బాగుంది.

ఇకనుంచి మనం ఉత్తరాలే రాసుకుందాం. నాకు రాత అలవాటు తప్పిపోయింది, మళ్లీ వస్తుంది. ఆదివారం ఆ అరగంట వేరే పిల్లలకు వదిలెయ్, పాపం వాళ్లకూ ఇళ్లున్నాయి.

మంద బాగుంది. ఎండలు ముదిరాయి.

నవనీత


వికారాబాద్,
మార్చి 10

వదినా,

నువ్వు రాసినవాటిలో ఇంత చిన్న ఉత్తరం ఇంతవరకు చూడలేదు. నీ ఉత్తరంలో ఒక్క ఎత్తిపొడుపు కూడా లేదు. అప్పుడే అనుమానం వచ్చింది.

అంతకు ముందు ఆదివారం ఫోన్ చేస్తే నేను ఏది అడిగినా "ఆ, సరే, సరే" అన్నావు. కాలేజీ మానేసి వచ్చేస్తానని ఊరికే అన్నాను. దానికీ "సరే" అన్నావు. నిజంగా వినపడి ఉంటే నా వీపు పగిలేది.

నిన్న అన్న మందకు మందులు కొనడానికి వికారాబాద్ వచ్చి హాస్టల్ గేటు దగ్గర పది నిమిషాలు నిలబడ్డాడు. గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు. "ఏం జెప్పాలె సింధూ, మీ వదిన ఫోన్ ఎత్తుతలేదు. ఊళ్లోళ్లు నాకు జేస్తున్రు. జర పరేషాన్‌ల ఉన్నది. అడిగితే మంచిగనే ఉన్న అంటది."

రూట్ పోయింది కదా? నిజం చెప్పు. నాతో కూడా దాచితే ఇంకెవరితో చెప్పుకుంటావు? నాకు కోపంగా ఉంది, ఏడుపు కూడా వస్తోంది.

పోయినా తిరిగి తెచ్చుకోవచ్చు. సెట్టింగ్స్ అడుగున "బిల్డ్ నంబర్" అని ఉంటుంది. అక్షరం పొల్లు పోకుండా రాసి పంపు. ఒక్క అంకె తప్పైనా ఫోన్ తెరుచుకోకుండా పోతుంది, అందుకని రెండుసార్లు చూసి రాయి.

సింధు


తాండూరు,
మార్చి 15

సింధూ,

పోయింది.

నువ్వు ఆగమన్నావు, నేను ఆగలేదు. పుస్తకంలో రాసిస్తానని అడిగితే మహిధర్ సార్ కుదరదన్నాడు. దాంతో ఫిబ్రవరి ఇరవై ఆరున నీ కాగితం గోడకు అంటించి మొదటి పని చేశాను, రెండోది చేశాను. అది రీస్టార్ట్ అని అడిగింది. నొక్కలేదు. నాలుగో పని ఏదో నా బుర్రకే తడుతుందేమోనని మూడు రోజులు అట్లాగే ఉంచి చూశాను. ఏమీ తట్టలేదు.

అసలు నొక్కింది ఎందుకో చెప్తాను. మీ ఇంటికి కోడలిగా వచ్చి ఎనిమిదేళ్లయింది. మంద మార్చేటప్పుడు మామ చెప్పేది ఒకటే. కొత్త చేన్లో తడికలు కట్టి దొడ్డి తయారయ్యాక మందను పాత దొడ్లో నిలబెట్టొద్దు, నిలబెడితే బెదిరి తొక్కుకుంటాయి, వెంటనే తోలాలి. ఆ ఫోన్ మూడు రోజులుగా తయారై నిలబడి ఉంటే నాకు ఆ మాటే తలకెక్కింది. మార్చి ఒకటిన పొద్దున తోలేశాను. ఫోన్ తెరుచుకుంది, అంతా కొత్తగా ఉంది. మీ అన్నకు ఫోన్ చేసి చూశాను. లోపల ఏదో గాలి ఊదినట్టుంది, అంతే.

ఇక్కడితో అయిపోతే నీకు నిజం రాసేదాన్నే. రెండో తారీకు మధ్యాహ్నం పెద్దేముల్ దిక్కు నుంచి భాగమ్మ ఫోన్ చేసింది. పేరు చూసి ఎత్తాను. మాట వినపడలేదు. టీకా ఎప్పుడు వేస్తావని అడుగుతోందనుకుని "సరే, పొద్దుగూకేవరకు వస్త" అన్నాను. నేను పోయేసరికి మూడు గొర్రెలు చచ్చిపడి ఉన్నాయి. జొన్న కుప్ప మీద పడి మేశాయట, కడుపులు ఉబ్బాయట. అప్పుడే పోయి ఉంటే గొట్టం వేసి గాలి తీసేదాన్ని. భాగమ్మ తిట్టలేదు. "సరే అన్నవ్ గదనే బిడ్డా" అంది. ఆ ఒక్క మాట ఆమె పెదవుల మీద చూశాను. తిట్టినా బాగుండేది.

ఆమె ఆస్పత్రిలో చెప్పలేదు, వేరేవాళ్లు చెప్పారు. ఫోన్ ఎత్తని పశుమిత్ర ఎందుకు అన్నాడట మహిధర్ సార్. ఏప్రిల్ ఒకటిన పేర్లు మళ్లీ రాస్తారు. నా పేరు ఉంటుందో లేదో.

నిన్న మామకు సద్ది తీసుకుని మంద దగ్గరికి పోయాను. ఎవరికో ఒకరికి చెప్పకపోతే గుండె పగిలేట్టుంది. ఫోన్ సంగతి, రెండు గదుల సంగతి అన్నీ చెప్పాను. ఆయనకు గదులు అర్థం కాలేదు. "దొడ్లనుకో మామా" అన్నాను. పాత దొడ్డి, కొత్త దొడ్డి. అప్పుడు ఇట్లా అడిగాడు:

"దొడ్డి మంచిగనే కట్టిన్రు. మంద మంచిగనే తోలినవ్. కుక్క యాడుంది?"

మంద మార్చే ముందు మామ మొదట చేసే పని అదే కదా. కుక్కను తీసుకుపోయి కొత్త దొడ్డి వాకిట్లో కట్టి వచ్చి, తర్వాత పాత దొడ్డి తడిక తీస్తాడు. ఎనిమిదేళ్లుగా చూస్తున్నాను. తోలడం ఒక్కటి గుర్తుంది, కుక్కను మరిచిపోయాను.

ఇంకొకటి. నా చెవుల సంగతి ఆయనకు మొదటి ఏడాదే తెలుసట. నన్ను ఎన్నడూ వెనక నుంచి పిలవడు, ఎదురుగా వచ్చి నిలబడతాడు, లేకపోతే కట్టెతో నేల మీద కొడతాడు. అది ఆయన అలవాటు అనుకున్నాను ఇన్నేళ్లూ.

బిల్డ్ నంబర్ వెనక పేజీలో ఉంది. నేను రెండుసార్లు రాశాను, మీ అన్నతో నా కాగితం చూడకుండా విడిగా రాయించాను, మూడూ ఒకటే వచ్చాయి. మే దాకా ఆగను సింధూ. ఏం చేయాలో రాయి, నేనే చేస్తాను.

నవనీత


వికారాబాద్,
మార్చి 20

వదినా,

నువ్వు నిజం రాశావు. ఇక నా వంతు.

నాలుగో పని ఒక్క లైను. ఆ రోజు రాసిన పేజీలో కింద చోటు కూడా ఉంది. కావాలనే రాయలేదు.

ఎందుకో నాకు నేను చెప్పుకోవడానికే ఇన్ని రోజులు పట్టింది. నేను హాస్టల్‌కు వచ్చాక ఇంట్లో ఏ పనీ ఆగలేదు. అన్న మంద చూసుకుంటున్నాడు, నాయనకు నువ్వు సద్ది తీసుకుపోతున్నావు, నా మంచం మీద టీకా డబ్బాలు పెట్టుకున్నారట. ఆ ఫోన్ ఒక్కటే నేను లేకపోతే ఆగేది. అదొక్కటన్నా నా కోసం ఆగాలనుకున్నాను. నాలుగోది దాచుకుంటే నువ్వు మే దాకా ఎదురుచూస్తావనుకున్నాను. నీ సంగతి తెలిసి కూడా అట్లా అనుకున్నాను చూడు. భాగమ్మ గొర్రెల పాపంలో సగం నాది. ఈ మాట నువ్వు కాదన్నా నేను ఒప్పుకోను.

నాయన చెప్పిన కుక్కే నాలుగో పని. అప్‌డేట్ అయ్యాక, రీస్టార్ట్ నొక్కక ముందు, మళ్లీ మ్యాజిస్క్ యాప్‌లోకి పోవాలి. "ఇన్‌స్టాల్" నొక్కి, "ఇన్‌యాక్టివ్ స్లాట్" అన్నది ఎంచుకోవాలి. అంటే ఖాళీ దొడ్లో ముందే కుక్కను కట్టడం. అది అయ్యాక ఆ యాప్‌లోనే రీబూట్ నొక్కాలి. ఇంతే. నేను రాయనిది ఇంతే.

ఇప్పుడు పోయినదాన్ని తెచ్చుకోవడం. నీ నంబర్ చూసి కాలేజీ ల్యాబులో కూర్చుని సరిగ్గా ఆ వెర్షన్‌కు చెందిన బూట్ ఫైలు, అంటే ఫోన్ లేచేటప్పుడు మొదట చదివేది, వెతికి పట్టాను. రెబెక్కది కూడా తాండూరే, ఆదివారం ఇంటికి వస్తోంది. ఈ ఉత్తరం, ఒక మెమరీ కార్డు ఆమె చేతికిస్తున్నాను. కార్డు ఫోన్‌లో వేసి, మ్యాజిస్క్ యాప్‌లో ఆ ఫైలు చూపిస్తే అది ఇంకో ఫైలు తయారుచేస్తుంది. దాన్ని కంప్యూటర్‌కు ఎక్కించి, కేబుల్‌తో ఫోన్ కలిపి, ఒక్క లైను టైప్ చేయాలి. ఆ లైను వెనక పేజీలో పెద్ద అక్షరాలతో రాశాను. ఎక్కడ ఖాళీ వదలాలో అక్కడ ఎర్ర చుక్క పెట్టాను.

నేనే వస్తానని రాసి కొట్టేశాను. నువ్వే చేస్తావు.

సింధు


తాండూరు,
మార్చి 28

ఆడబిడ్డా,

స్టేషన్ రోడ్డులో జంగప్ప జిరాక్స్ షాపు ఉంది కదా. మంగళవారం పొద్దున పదింటికి పోయి కూర్చున్నాను. కంప్యూటర్ ఒక గంట కావాలన్నాను. కాగితం చూసి ఆయన కన్నడంలో ఏదో గొణిగి, తర్వాత నా మొహం చూసి మాట్లాడాడు.

"అమ్మా, గిది లోపల కెలికే పని. ఫోన్ ఖరాబైతది. ఇటియ్యి, నేను జూస్త."

"నువ్వు జూడొద్దు అన్నా. కీబోర్డ్ జర నా దిక్కు జరుపు."

ఒక వేలుతో కొట్టాను. మొదటిసారి కంప్యూటర్ ఒప్పుకోలేదు, ఇంగ్లీషులో ఎర్రగా ఏదో తిట్టింది. జంగప్ప నేను చెప్పలేదా అన్నట్టు చూశాడు. నేను లేవలేదు. నీ కాగితం, ఆ తెర పక్కపక్కన పెట్టి అక్షరానికి అక్షరం పోల్చాను. ఒక చుక్క దగ్గర ఖాళీ వదల్లేదు. మళ్లీ కొట్టాను. ఈసారి తిట్టలేదు. ఫోన్ నల్లబడి, ఎంతసేపటికో వెలుగు వచ్చింది. ముసుగు బొమ్మ తెరిచి చూస్తే నువ్వు వెనక పేజీలో రాసినట్టే వెర్షన్ నంబర్ కనిపించింది, అంటే రూట్ తిరిగొచ్చింది.

మొదటి ఫోన్ భాగమ్మకు చేశాను. "ఎవలు?" అని కసురుకుంది. ఆ కసురు ఎంత స్పష్టంగా వినపడిందంటే, అక్కడే షాపులో కూర్చుని ఏడ్చాను. జంగప్ప నీళ్లు తెచ్చిచ్చాడు. మర్నాడు భాగమ్మ దగ్గరికి పోయి నా చెవుల సంగతి, ఆ రోజు నాకు ఒక్క ముక్క కూడా వినపడని సంగతి చెప్పాను. ఆమె "నాకు ముందే జెప్తే ఇంకొకలను తోలేదాన్ని గదనే" అంది. నిజమే కదా. దాచుకోవడం వల్ల పోయింది ఆమె గొర్రెలు.

అందుకని నిన్న ఆస్పత్రికి పోయాను. "సార్, నాకు చెవులు సరిగ వినబడయి. ఈ ఫోన్ల వినబడతయి. ఇది ఎప్పుడన్న ఖరాబైతే ముందే మీకు జెప్త, ఊళ్లోళ్లకు మా ఆయన నంబర్ ఇస్త. పేరు ఉంచుతరో తీసేస్తరో మీ ఇష్టం" అన్నాను. మహిధర్ సార్ పెన్ను పక్కన పెట్టాడు. తర్వాత నేను పెదవులు చూసేటట్టు తల ఎత్తి, నెమ్మదిగా, "ముందే చెప్పాల్సింది నవనీతా" అన్నాడు. ఆ తల ఎత్తడంతోనే నా పేరు ఉంటుందని తెలిసిపోయింది.

పాపంలో సగం నాదన్నావు. సగాలు పంచుకునేంత చిన్నదేం కాదు అది, ఇద్దరికీ నిండుగానే ఉంది. ఊరికే తలచుకుని చదువు చెడగొట్టుకోకు. నీ మంచం మీద డబ్బాలు తీసేశాను.

నవనీత


వికారాబాద్,
ఏప్రిల్ 6

వదినా,

ల్యాబులో నీ ఉత్తరం రెబెక్కకు, ఇంకో ఇద్దరికి చదివాను. "కీబోర్డ్ జర నా దిక్కు జరుపు" అన్నది ఇప్పుడు మా రూములో సామెత అయిపోయింది.

ఈ నెల మళ్లీ అప్‌డేట్ వస్తుంది. నేను ఏమీ రాయను. నాలుగూ నీ దగ్గరున్నాయి. చేసి నాకు చెప్పు.

పరీక్షలు దగ్గరపడ్డాయి. మే పన్నెండున ఇంట్లో ఉంటాను, అంటే, వచ్చినా నాకు పనేమీ ఉండదనుకో.

సింధు


తాండూరు,
మే 4

సింధూ,

ఏప్రిల్‌ది పద్దెనిమిదిన చేశాను. నీ కాగితం తీసేసి నా మాటల్లో రాసి గోడకు పెట్టుకున్నాను. పాత దొడ్డి సర్ది పెట్టు. కొత్త దొడ్డి కట్టనియ్. తోలమంటుంది, తోలకు. ముందు కుక్కను కట్టు. అప్పుడు తోలు. రీస్టార్ట్ అని అడిగినప్పుడు చేయి దానంతట అదే పోబోయింది. కుడిచేతిని తొడ కింద పెట్టుకుని ఎడమచేత్తో మ్యాజిస్క్ తెరిచాను. ఫోన్ తిరిగి లేచాక మామకు చేసి, "కుక్క ఉన్నది మామా" అన్నాను. నవ్వాడు. ఆయన నవ్వు వినడం నాకు ఇదే మొదటిసారి. అది దగ్గులాగ ఉంటుందని తెలియదు.

మొన్న భాగమ్మ ఫోన్ చేసింది, నాలుగు గొర్రెలు మళ్లీ జొన్న మేశాయని. మాట సగంలో ఉండగానే బండి తీశాను. నాలుగూ బతికాయి.

నిన్న పొద్దున మే నెల అప్‌డేట్ వచ్చింది. రోజుకు రెండుసార్లు అడుగుతోంది. చేయడం వచ్చు, ఇప్పుడు కళ్లు మూసుకుని చేస్తాను. యాప్‌కు నెలాఖరు దాకా గడువు ఉంది. చేయలేదు.

పన్నెండున నువ్వు వచ్చి నా పక్కన కూర్చో. నేను చేస్తాను, నువ్వు చూడు. అప్పటిదాకా ఇది ఆగే ఉంటుంది.

ఆదివారం ఫోన్ చెయ్. కాలేజీ మానేస్తానని ఈసారి అను చూద్దాం.

నీ వదిన,
నవనీత